తోడుపేగు

పొద్దున ఎనిమిదింటికి నేను క్యారియర్ అందుకోబోతే అక్క చెయ్యి దాన్ని వదల్లేదు. అక్క వదలకపోవడం కాదు, చెయ్యి వదల్లేదు.

బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. మిగతా నాలుగు వేళ్ళూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కుని మొగ్గలా దగ్గరపడ్డాయి. మణికట్టు లోపలికి వంగింది. క్యారియర్ పిడి బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరుక్కుంది.

"రొంత ఉండు. అదే వదుల్తుంది," అంది అక్క, తన చేతి గురించి కాక పక్కింటి పిల్లి గురించి చెబుతున్నట్టు.

నేను వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, అరచెయ్యి రుద్ది, పిడిని బయటికి లాగాను. ఐదేళ్ళుగా ఇది మా ఇంట్లో పొద్దుటి పనుల్లో ఒకటి. పాలు కాగబెట్టడం, మొక్కలకు నీళ్ళు పోయడం, అక్క వేళ్ళు విప్పడం.

ఆ ఆకారం నాకు తెలుసు. గాజులు తొడిగించుకునేటప్పుడు ఆడవాళ్ళ చెయ్యి అలాగే ముడుచుకుంటుంది. నాకు ఆరేళ్ళప్పుడు, అక్కకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆమెకు పెళ్ళి కుదిరింది. మూడు రోజులు ముందుగా గాజులామె వచ్చి రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు తొడిగింది. అక్క చేతిని పిసికి, బొటనవేలు లోపలికి నొక్కి, ఒక్కొక్క గాజూ ఎక్కించడం నేను తలుపు పక్కన నిలబడి చూశాను. రెండో రోజు అమ్మ పోయింది. నాన్న అంతకుముందే లేడు. పెళ్ళి వాయిదా పడింది, తర్వాత దాని మాటే ఎవరూ ఎత్తలేదు. నన్ను పెంచడానికి అక్క మిగిలింది.

నా పేరు మద్దిలేటి. ఉద్యోగం ప్రయోగశాలలో, ఇష్టంగా చదివేది మాత్రం మనసు గురించిన పుస్తకాలు. పెళ్ళి చేసుకోలేదు. మనుషులతో కలవడం కంటే వాళ్ళ గురించి ఆలోచించడం నాకు తేలిక. అక్క చేతి గురించి ఒక నోటుపుస్తకంలో చాలా రాసుకున్నాను. ఆగిపోయిన పెళ్ళిని మనసు మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదని రాశాను. సరిగ్గా నేను గడప దాటే వేళకే అది ముడుచుకుంటుందంటే, నన్ను కూడా పోనివ్వకూడదన్న కోరిక అందులో ఉందని రాశాను. రాసిన రోజున నాకు చాలా తృప్తిగా అనిపించిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

నెత్తురు పరీక్షల్లో కాల్షియం తొమ్మిది ఉండవలసింది ఆరున్నర దగ్గర ఉంది. ఎందుకో తేలలేదు. మూడేళ్ళు మాత్రలు మింగినా పెరగలేదు. "కడుపులో ఏమన్నా ఇబ్బందా అమ్మా?" అని డాక్టర్ అడిగితే, "ఏం లేదు సార్, కడుపు బంగారం," అంది అక్క. పక్కన కూర్చున్న నేను ఆమెను బయటికి పంపి డాక్టర్‌కు గాజుల సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కాల్షియం మాత్రలతో పాటు మనసు కుదుటపడే మాత్రలు కూడా రాశాడు. ఆయన తప్పేం లేదు. నేను కథ బాగా చెప్పాను.

మా ప్రయోగశాల కర్నూలు శివార్లలో, నంద్యాల రోడ్డు పక్కన, ఒకప్పటి పత్తి గోడౌన్‌లో ఉంది. అక్కడ మేం పెంచేవి తోడుపేగులు. ఆ పేరు పెట్టింది, వాటిని కనిపెట్టింది డాక్టర్ షాహీన్. యాభై ఏళ్ళ మనిషి. పొడుగ్గా ఉంటుంది, నవ్వకుండా వేళాకోళమాడుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం తింటూ తింటూ ఆమెకు నా గాజుల సిద్ధాంతం చెప్పాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి, "రేపు మీ అక్కను తీసుకురా," అంది.

అక్క పేరు సుంకులమ్మ. మంచి చీర కట్టుకుని వచ్చింది. షాహీన్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, రక్తపోటు చూసే పట్టీ చేతికి చుట్టి గాలి కొట్టి, ఇక వదల్లేదు.

"మేడమ్మా, మర్చిపోయినావా?" అంది అక్క కాసేపటికి.

"లేదక్కా. రొంచేపు ఓర్చుకో."

రెండో నిమిషం దాటగానే అక్క బొటనవేలు కదిలింది. మెల్లగా అరచేతిలోకి పోయింది. నాలుగు వేళ్ళూ నిటారుగా దగ్గరపడ్డాయి. మణికట్టు వంగింది. గాజులామె ముందు చాపినట్టే, ఆ చెయ్యి మా ముందు నిలబడింది. షాహీన్ గాలి వదిలింది. చెయ్యి వదులైంది.

"పట్టీ బిగిస్తే గాజుల చెయ్యి వచ్చింది, వదిలితే పోయింది. కాల్షియం తక్కువైతే నరాలకు ఊరికే చిరాకు. పొద్దున్నే వంటింట్లో పరుగులు పెట్టి ఊపిరి ఎక్కువ పీలిస్తే ఉన్న రొంత కాల్షియం కూడా పని చెయ్యదు. అందుకే నువ్వు పోయే టైముకు పట్టేస్తాంది," అంది షాహీన్ నా వైపు తిరిగి. "ఇందులో పెళ్ళి యాడుందప్పా?"

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏం పెళ్ళి?"

నేను ఆమె చేతికున్న పట్టీ విప్పడంలో పడ్డాను.

ఆ రోజు అక్క దారం కట్టిన చిన్న గోళీ ఒకటి మింగింది. నాలుగు గంటల తర్వాత దారం లాగితే గోళీ, పేగు మొదటి మలుపు దగ్గరి కణాలను కొన్ని అంటించుకుని బయటికి వచ్చింది. ఒంటి వేడి ఉండే గాజుపెట్టెలో వాటిని నలభై రోజులు పెంచాం. అక్క నెత్తురులోని కాపలా కణాలను, పేగు చుట్టూ అల్లుకుని ఉండే కండ, నరాల కణాలను వాటికి జతచేశాం. చిటికెన వేలంత పొడవున్న గులాబీ రంగు పట్టీ తయారైంది. దానిమీద మఖమల్ గుడ్డకున్నట్టు సన్నని నూగు. ఆ నూగే అన్నంలోని సారాన్ని పీల్చేది. పట్టీకి ఇవతల అరిగించిన తిండి చుక్కలు చుక్కలుగా వేస్తాం, అవతల వట్టి నీళ్ళు ఉంటాయి. ఇవతలి కాల్షియం అవతలికి ఎంత దాటిందో పొద్దునా సాయంత్రం కొలుస్తాం. ఒంట్లో ఉన్న పేగు చీకట్లో ఏం చేస్తుందో, అదే మనిషి పేగు వెలుతురులో చేసి చూపిస్తుంది. మా దగ్గర అలాంటి పెట్టెలు ఆరే ఉన్నాయి.

మనిషి ఏం తింటాడో అదే తోడుపేగుకూ పెట్టాలి. అందుకని ఒక పట్టిక నింపుతాం. అక్క పట్టిక నేనే నింపాను. పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, మజ్జిగ. రాత్రి అన్నం, చారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇరవై రోజులు దానికి అవే పెట్టాం. నూగు ఏపుగా పెరిగింది. కాల్షియం చక్కగా దాటింది. షాహీన్ అంకెలు చూసి కనుబొమలు ముడిచేది. "పేగు బాగానే ఉంది. మరి యాడికి పోతాంది ఇదంతా?"

నేను విచారంగా తలూపేవాణ్ణి. లోపల మాత్రం ఒక చిన్న సంతోషం ఉండేది. పేగులో ఏమీ లేకపోతే కారణం మనసులోనే ఉండాలి. అంటే నా నోటుపుస్తకం గెలిచినట్టే. అక్క ఒంట్లో జబ్బు ఉండాలా, నా సిద్ధాంతం నిలవాలా అని ఎవరైనా అడిగితే సిగ్గుపడి ఉండేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు.

ఇరవై ఒకటో రోజు నేను గేటు తీస్తుంటే వెనకనుంచి అక్క పిలిచింది. "మద్..." అని ఆగిపోయింది. తిరిగి చూశాను. ఆమె గడపలో నిలబడి గొంతు పట్టుకుని ఉంది. ఊపిరి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు సన్నని చప్పుడు. రెండు చేతులూ గాజుల ఆకారంలో ముడుచుకుని, గొంతును సరిగా పట్టుకోను కూడా పట్టుకోలేకపోతున్నాయి. ఆటోలో ఆసుపత్రికి చేరేదాకా ఆమె కళ్ళు నా ముఖంమీదే ఉన్నాయి. నేను భయపడతానేమోనని చూస్తోంది.

నరంలోకి కాల్షియం ఎక్కించాక గొంతు వదులైంది. "ఇది నాలుగు రోజులు నిలుస్తుంది, అంతే," అన్నాడు అక్కడి డాక్టర్. "అడుగు లేని కుండకు నీళ్ళు పోసినట్టుంది. ఇంకోసారి ఇట్లా వస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఎక్కడ కారుతుందో కనుక్కోండి."

మరునాడు షాహీన్ అక్క కాగితాలన్నీ బల్లమీద పరిచింది. పట్టిక దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది ఎవరు రాసినారు?"

"నేనే మేడం."

"అక్క తింటాంటే చూసి రాసినావా?"

చూశాననే చెప్పబోయాను. చెప్పే ముందు అలవాటుగా ఒక దృశ్యం కోసం మనసులో వెతికాను. అక్క కంచం ముందు కూర్చుని ఉన్న దృశ్యం. దొరకలేదు. అక్క వడ్డించడం ఉంది. పెనం ముందు చెమట తుడుచుకోవడం ఉంది. "ఇంకొకటి వేసుకో" అనడం ఉంది. నేను తిని లేచాక వంటింటి తలుపు దగ్గరగా వెయ్యడం ఉంది. ఆ తలుపు అవతల ముప్పై ఐదేళ్ళుగా ఆమె ఏం తింటోందో నాకు తెలియదు.

"లేదు," అన్నాను.

షాహీన్ కోప్పడలేదు. అదే కష్టంగా ఉండింది. "రేపు సెలవు పెట్టు. వంటింట్లో కూర్చో."

కూర్చున్నాను. అక్క నన్ను చూసి నడుముమీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు పోలేదేందిరా?"

"నువ్వు తినేది చూడాలక్కా."

"నేనేమన్నా సర్కస్సా? పో, పోయి పేపర్ చదువుకోపో."

"షాహీన్ మేడం చెప్పింది."

ఆ పేరు పనిచేసింది. అక్క గొణుక్కుంటూ స్టీలు డబ్బా దించింది. అందులో ముందురోజు రాత్రి చపాతీలు, గట్టిపడి అప్పడాల్లా ఉన్నాయి. మూడింటిని ముక్కలు చేసి పాలల్లో వేసి, నాకు వీపు చూపిస్తూ గోడవైపు తిరిగి తినసాగింది.

"ఇట్ల తిరిగి తినక్కా."

"నువ్వు చూస్తాంటే నాకు మింగుడు పడదు."

"ఇడ్లీ తినవా?"

"నీకు చేసినప్పుడు అడుగున మిగిల్తే తింటా. ఇడ్లీ ఎవరన్నా ఒక్కళ్ళకోసం పోస్తారా?"

మధ్యాహ్నం ఇంకో రెండు చపాతీలు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడితో. రాత్రి నాకు చేసినవాటిలోనే మరో మూడు.

"రోజూ ఇదేనా?"

"మిగిలినవి పారేస్తారేందిరా? నీకు ఆరు చేస్తే నాలుగు తింటావు, పది చేస్తే నాలుగే తింటావు."

"మరి పదెందుకు చేస్తావు?"

అక్క ఆ ప్రశ్నను వింతగా చూసింది. "ఒగ దినం నీకు ఆకలి ఎక్కువైతే?"

"ఎన్నేండ్ల నుంచి?"

"నీకు సుగర్ వచ్చినప్పట్నుంచి. ఏడేండ్లు. నువ్వే కదరా జొన్నరొట్టెలు వద్దంటివి."

అన్నాను. సుగర్ ఒక కారణం. డాక్టర్ అన్నం తగ్గించి రొట్టె తినమన్నాడు, గోధుమ రొట్టె అని ఆయన అనలేదు. నేను అన్నాను. మా ప్రయోగశాలలో అందరి క్యారియర్లలోనూ మెత్తని చపాతీలు ఉండేవి. నా జొన్నరొట్టె మధ్యాహ్నానికి బిరుసెక్కి, విరిస్తే చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు ఒకసారి ఎవరో నవ్వారు. నవ్విన మనిషి ఎవరో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, "ఇక చపాతీలు చెయ్యక్కా, అవే ఒంటికి మంచివంట," అన్నాను. అక్క చిన్నప్పటి నుంచీ తిన్న జొన్నను ఒక్క మాటకు మానేసింది. ఒక పొయ్యిమీద రెండు రకాల రొట్టెలెందుకని.

"కడుపు బంగారమన్నావే డాక్టర్‌తో. నిజంగా బాగుంటుందా?"

అక్క గిన్నె కడుగుతూ ఉండిపోయింది. "పొద్దున మూడు నాలుగు తూర్లు పోవాల్సొస్తుంది. శానా ఏండ్లయింది." తర్వాత కోపంగా, "అది మగపిల్లోనితో చెప్పే మాటా?" అంది. మళ్ళీ తనే అడిగింది. "ఆ పొద్దు మేడం పెళ్ళి పెళ్ళి అనె. ఏం పెళ్ళిరా?"

చెప్పాను. గాజులు, చెయ్యి, నోటుపుస్తకం, డాక్టర్‌తో అన్న మాట, అన్నీ. అక్క నోరు తెరుచుకుని విని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఆ పెళ్ళికొడుకు మొగం కూడా గుర్తులేదురా నాకు! గాజులు మాత్రం బిగువు. ఆ ముండది రొంత పెద్దవి తెచ్చింటే ఏం పోయేది?"

ఆ రోజునుంచి అక్క గోధుమ మానేసింది. గోధుమే కారణమని తేల్చాలంటే మామూలుగా మనిషిచేతనే మళ్ళీ వారాల తరబడి గోధుమ తినిపించి, పేగు పాడవడం చూడాలి. మరోసారి గొంతు పట్టేస్తే అక్క బతకకపోవచ్చు. తోడుపేగు ఉన్నది అందుకే. ఆ బాధను ఆమెకు బదులుగా అది పడుతుంది. అంతకుముందు పదకొండుమంది తోడుపేగులకు నేనే తిండి పెట్టాను. వాటికి ఏమైందో అంకెల్లో రాసుకుని ఇంటికి పోయేవాణ్ణి.

అక్క చేసిన చివరి చపాతీని అరిగించి, పట్టీమీద చుక్కలు వేశాను. నాలుగో రోజుకు కాపలా కణాలు తేనెటీగల్లా ముసిరాయి. గోధుమను శత్రువనుకుని, సొంత ఇంటినే తగలబెట్టుకోవడం మొదలుపెట్టాయి. తొమ్మిదో రోజుకు నూగు పలచబడింది. పద్దెనిమిదో రోజుకు పట్టీ అరిగిపోయిన మఖమల్ గుడ్డలా నున్నగా అయింది. కాల్షియం అయిదో వంతు కూడా అవతలికి దాటలేదు.

"తేలిపోయింది," అంది షాహీన్. "గోధుమ పడని పేగు. కడుపు రొంత గొణిగి గమ్మునుంటుంది, ఎముకలూ నరాలూ కేకలు పెడతాయి. అన్నం తినే ఊర్లలో గోధుమ జబ్బు ఎందుకుంటుందని మన వైపు ఎవరూ వెతకరు. మానేస్తే మీ అక్క నిక్షేపంగా ఉంటుంది."

నేను సంతోషించాను. కానీ ఇంకొకటి జరిగింది, అది షాహీన్ తన నివేదికలో రాయలేదు. పన్నెండో రోజునుంచి పట్టీ, చుక్క పడకముందే ముడుచుకునేది. మొదట గొట్టం మూత తీయగానే. తర్వాత నా చేతి నీడ పెట్టెమీద పడగానే. అనుమానంతో ఒకసారి వట్టి నీళ్ళు వేశాను. వాటికీ ముడుచుకుంది.

"నరాల కణాలున్నాయి కదా," అంది షాహీన్. "నేర్చుకుంది."

మనసు అనే మాటను జీవితమంతా అందరిమీదా ధారాళంగా వాడినవాణ్ణి, ఆ వేలెడు పట్టీ ముందు ఆ మాట పలకడానికి భయపడ్డాను.

ఇంట్లో అక్కకు ఆ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా ఎవరైనా నన్ను తిట్టాలనుకున్నానేమో. అక్క తిట్టలేదు. "దాన్ని చూడాల," అంది.

గాజుపెట్టె ముందు అక్క వంగి నిలబడింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారుతోంది. పమిటకొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"ఇది నేనేనా?"

"నీ తునకే అక్కా."

"దీనికి నొప్పి ఉంటుందా?"

"తెలీదక్కా."

"తెలీకుండానే పెడ్తాంటివా?"

గద్దింపు లేదు ఆ గొంతులో. వేడిగా ఉందో లేదో చూడకుండా పసిబిడ్డకు పాలు పట్టిన వాణ్ణి అడిగినట్టు అడిగింది. నా చేతి నీడ పడకుండా చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నానని అప్పుడే గమనించాను.

"ఇప్పుడేం చేస్తారు దీన్ని?" అని షాహీన్‌ను అడిగింది.

"ఫలితం వచ్చినాక మూసేస్తామక్కా. ఆదోని నుంచి ఒకామె కాచుకుని ఉంది. ఆమెకు ఒంట్లో నెత్తురు పట్టడం ల్యా. పెట్టెలు ఆరే కదా."

"గోధుమ మానేస్తే నాకు మానుతుంది అంటివే. దీనికి మానదా?"

"మానొచ్చు. మూడు వారాలన్నా పడుతుంది. ఎవరూ చూడల్యా అక్కా. అంతవరకు ఎప్పుడూ ఆగింది లేదు."

అక్క ఆలోచించింది. ఆలోచించేటప్పుడు ఆమె పెదవులు కూడికలు చేస్తున్నట్టు కదులుతాయి. "ఆదోనామెకు ఎప్పుడు గావాల?"

"బేస్తవారం."

"నాలుగు దినాలు. సరే. ఆమెను కాచుకోబెట్టొద్దు. కానీ ఈ నాలుగు దినాలు దీనికి నేనే కూడు పంపుతా."

షాహీన్ నా వైపు చూసింది. తర్వాత అద్దాలు తీసి తుడుచుకుంటూ, "పల్చగా ఉండాలక్కా. గింజ తగలకూడదు," అంది.

అక్క రోజూ పొద్దున జొన్నపిండిని అంబలి కాచి, పలచని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, చిన్న సీసాలో పోసిచ్చింది. ఉప్పు వెయ్యాలా వద్దా అని అడిగింది. మొదటిరోజు నా నీడ పడగానే పట్టీ ముడుచుకుంది. రెండోరోజూ అంతే. మూడోరోజు ముడుచుకుని, అంబలి చుక్కలు పడ్డాక కొంతసేపటికి వదులైంది. నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిది నిమిషాలు పట్టింది.

బేస్తవారం అక్కే వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని, గొట్టం పట్టుకోవడం నా దగ్గర నేర్చుకుంది. ఆమె చేతి నీడ పెట్టెమీద పడింది. పట్టీ కొంచెం కదిలింది. అక్క చెయ్యి అక్కడే ఉంచి, ఏమీ వెయ్యకుండా ఊరికే నిలబడింది. చాలాసేపు నిలబడింది. నీడలో పట్టీ మెల్లగా చాచుకుంది. అప్పుడు ఒక చుక్క వేసింది. అది ముడుచుకోలేదు.

నూగు రాలేదు. నాలుగు రోజులకు రాదు.

"చాలు," అంది అక్క.

వేడి ఆపవలసింది నేను. మీటమీద చెయ్యి వేసి నిలబడిపోయాను. "పైన నా చెయ్యి పెట్టుకోవచ్చునా?" అని షాహీన్‌ను అడిగి, అక్క తొడుగు తీసేసి అరచేతిని గాజుమీద పరిచింది. ఐదు వేళ్ళూ వెడల్పుగా విప్పి ఉన్నాయి. గోధుమ మానేసి అప్పటికి నాలుగు వారాలు. ఆ చెయ్యి అంత విశాలంగా తెరుచుకోవడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

నేను మీట దించాను. పెట్టె చల్లబడడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అక్క చెయ్యి తీయలేదు. మధ్యలో ఒకసారి, "నా బదులు తిన్నావమ్మా," అంది, మాకు వినిపించాలని కాదు.

ఇది జరిగి ఆరు నెలలు. ఇంట్లో గోధుమ లేదు. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని తెలిసిన రోజు అక్క ఆ డబ్బాను పక్కింటికి ఇచ్చేసి, వెల్లుల్లితో సరిపెట్టుకుంది. నేనూ జొన్నరొట్టే తింటున్నాను. సుగర్‌కు అదే మంచిదట. ప్రయోగశాలలో విరిస్తే చప్పుడవుతుంది. షాహీన్ సగం లాక్కుంటుంది. ఆదోని ఆమెకు ఏమయిందో కూడా తేలింది, కోలుకుంటోంది. ఆమె పట్టిక నింపడానికి నేను ఆదోని వెళ్ళి, రెండు రోజులు వాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. షాహీన్ ఇప్పుడు ఏ తోడుపేగునూ వెంటనే మూయనివ్వడం లేదు. ఏడో పెట్టె కోసం ఉత్తరాలు రాస్తోంది.

అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని తింటాం. మొదటి వారమంతా ఆమెకు మింగుడు పడలేదు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు నా కంచంలో ఏముందో చూసి వంకలు పెడుతుంది. నిన్న వచ్చిన పరీక్షలో కాల్షియం తొమ్మిదీ పాయింట్ ఒకటి. నోటుపుస్తకం అటకమీద ఉంది. పారేయలేదు, తెరవలేదు.

ఈ పొద్దున ఎనిమిదింటికి క్యారియర్ అందుకోబోతే, అక్క చెయ్యి వదల్లేదు.

అక్క గొంతులో ఆ ఈల చప్పుడు కోసం చెవి రిక్కించాను. లేదు. వేళ్ళవైపు చూశాను. బొటనవేలు బయటే ఉంది. నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ మామూలుగా, మెత్తగా వంగి ఉన్నాయి.

"పట్టేసిందా అక్కా?"

"లేదురా," అంది. "ఊరికే పట్టుకున్నా."

వెనకటి నేనైతే తలూపి, సాయంత్రం వచ్చి రెండు పేజీలు రాసుకునేవాణ్ణి.

"ఎందుకక్కా?" అని అడిగాను.

అక్క కొంచెం సిగ్గుపడింది. "ఏమో. నువ్వు పోతాంటే రోజూ నా వేళ్ళు విప్పి చెయ్యి రుద్దేటోడివి గదా. ఇప్పుడు క్యారియర్ దీసుకుని చక్కా పోతావు."

బస్సు హారన్ వీధి చివర వినిపించింది. నేను క్యారియర్‌ను అరుగుమీద పెట్టి, ఆమె చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. విప్పడానికి ఏమీ లేదు. అయినా చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టాను.